హేడ్రియన్ గోడ వెంట ఇద్దరు నడవాలంటే

హేడ్రియన్ గోడ వెంట 84 మైళ్ళు నడవగలమా అని అందరూ మోకాళ్ళ గురించి బెంగ పెట్టుకుంటారు గానీ, ఏడు రోజులు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఒకే మనిషితో ఉండగలమా అని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు. మూడో రోజు బర్డోస్వాల్డ్ కోట దగ్గర నాకూ, తోడొచ్చిన నా స్నేహితుడికీ గొడవైంది, తర్వాత రెండు మైళ్ళు మాటల్లేవు. కాబట్టి ఇంగ్లండ్‌లో ఉంటూ, లేదా పిల్లల దగ్గరికి వచ్చి, ఈ దారి మీద ఎవరినైనా తోడు తీసుకెళ్దామనుకుంటే ఇది చదివి బయల్దేరండి.

దారి సంగతి తొందరగా చెప్పేస్తాను. ఇంగ్లండ్ ఉత్తరాన ఈ తీరం నుంచి ఆ తీరానికి 135 కిలోమీటర్లు, పడమర చివర బోనెస్, తూర్పు చివర న్యూకాసిల్ పక్కనున్న వాల్స్‌ఎండ్. రోమన్లు క్రీ.శ. 122లో మొదలుపెట్టిన గోడ ఇది. నడకదారిగా తెరిచింది మాత్రం 2003లో. దారి బోర్డుల మీది ఓక్ కాయ గుర్తు చూసుకుంటూ పోతే తప్పిపోవడం కష్టం, అన్నింటికన్నా ఎత్తైన చోటు కూడా 345 మీటర్లే. తూర్పు నుంచి పడమరకు నడిచేవాళ్ళూ ఉన్నారు. నా సలహా పడమర నుంచి తూర్పుకి, ఎందుకంటే అక్కడ గాలీ వానా ఎక్కువగా పడమర నుంచే వస్తాయి, మొహం మీద కంటే వీపు మీద పడటం నయం కదా. పైగా చివర్లో పెద్ద ఊళ్ళో తేలతాం, దోసె దొరుకుతుంది.

మేం వేసుకున్న లెక్క ఇది: బోనెస్ నుంచి కార్లైల్ 15 మైళ్ళు, అక్కడి నుంచి వాల్టన్ 11, వాల్టన్ నుంచి గ్రీన్‌హెడ్ 9, వన్స్ బ్రూడ్‌కి 7, చోలర్‌ఫర్డ్‌కి 12, హెడన్‌కి 15, చివరి రోజు వాల్స్‌ఎండ్‌కి 15, కాస్త అటూ ఇటూగా. నాలుగో రోజు 7 మైళ్ళే ఏమిటని చిన్నచూపు వద్దు. కొండ అంచున ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం, ఆ రాతిమెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు చెప్పే మాటలు నేనిక్కడ రాయలేను. మొదటి రోజు మాత్రం సముద్రపు పోటు టైములు చూసుకోకుండా కదలొద్దు, బర్గ్ అనే ఊరికి ముందు చిత్తడి నేల పక్కనే పోయే రోడ్డు పెద్ద పోటుకి మునుగుతుంది.

ఇక మనిషి సంగతి. మా గొడవ ఇదీ: నాది వడి నడక, మావాడు కనిపించిన ప్రతి గొర్రెకీ ఫోటో తీస్తాడు. నేను ముందుపోయి ఏ గేటు దగ్గరో కూర్చుని, వాడు రాగానే లేచి "పద" అనేవాడిని. "నువ్వు కూర్చుని లేచే టైముకి నేను వస్తున్నాను, మరి నాకు రెస్టు ఎప్పుడురా?" అన్నాడు. నిజమే, రెండు రోజులుగా ఆ ఆలోచనే నాకు తట్టలేదు. అప్పటినుంచి రెండు పద్ధతులు పెట్టుకున్నాం. నెమ్మదిగా నడిచేవాడు ముందుండాలి. ఆగితే, వెనక వచ్చినవాడు కూర్చున్న దగ్గర్నుంచి పది నిమిషాలు లెక్క. ఇవి బయల్దేరకముందే మాట్లాడుకోండి.

డబ్బులూ అంతే. ఎవరు ఏ టీకి ఇచ్చారో రాత్రి కూర్చుని లెక్కలు తీస్తే స్నేహం పలచబడుతుంది. ఇద్దరూ సమానంగా కొంత ఒక పర్సులో వేసి అందులోంచే ఖర్చుపెట్టండి, అయిపోతే మళ్ళీ వేయండి. రూములు నెలల ముందే బుక్ చేసుకోవాలి, ఎందుకంటే మధ్య భాగంలో బసలు తక్కువ. ట్విన్ రూం అని అడగండి, డబుల్ అంటే ఒకే మంచం వస్తుంది. ఎక్కడో ఒకచోట డేరా వేసుకుందామంటే, స్థలం యజమాని అనుమతి లేకుండా అక్కడ కుదరదు. పెద్ద బ్యాగుని ఒక బస నుంచి ఇంకో బసకి వ్యానులో చేర్చేవాళ్ళున్నారు, బ్యాగుకింత అని తీసుకుంటారు. ఇద్దరి బట్టలూ ఒకే బ్యాగులో పెడితే సగం మిగులుతుంది, బరువు పరిమితి మాత్రం ముందే అడగండి.

తిండికి నిమ్మకాయ పులిహోర మొదటి రోజుకే. తర్వాత చిక్కీలు, వేయించిన వేరుశనగలు, వేడినీళ్ళు పోస్తే అయిపోయే ఉప్మా పొట్లాలు (బసలో కెటిల్ ఉందో లేదో అడిగి పెట్టుకోండి), చిన్న డబ్బాలో కందిపొడి. వాల్టన్ దాటాక అంగళ్ళు చాలా తక్కువ, పబ్బుల్లో వంటిల్లు కూడా తొందరగా మూసేస్తారు. శాకాహారులైతే ముందురోజే ఫోన్ చేసి చెప్పండి.

కొత్త బూట్లతో మాత్రం రావద్దు, కనీసం నెలరోజులు తొడిగి తిరిగినవే వేసుకోండి. మావాడు మూడు రోజుల ముందు కొన్నాడు, కార్లైల్ చేరేసరికి రెండు మడమలకీ బొబ్బలు. సాక్సులు నాలుగు జతలు ఉండాలి. దారికి కాస్త దక్షిణాన విండొలాండా అని ఒక రోమన్ కోట ఉంది, అక్కడ తవ్వకాల్లో చెక్కపలకల మీద రాసిన ఉత్తరాలు దొరికాయి. అందులో ఒకదాంట్లో సాక్సులు, రెండు జతల చెప్పులు, లోదుస్తులు పంపామని ఉంది. ఆ చలిలో కాపలా కాసినవాళ్ళ అవసరం కూడా అదే అన్నమాట.

మే నుంచి అక్టోబరు లోపలే వెళ్ళండి. చలికాలంలో నేల తడిసి మెత్తబడితే అడుగుల కింద పడి మట్టిలోని పురావస్తువులు పాడవుతాయి. గోడ కూడా పాడవకూడదని దాని మీదికి ఎక్కొద్దంటారు, పచ్చిక మీద ఒకరి వెనక ఒకరు కాకుండా పక్కపక్కనే నడవమంటారు, లేకపోతే ఒకే చోట బాట గుంటపడుతుంది. మాకు గొడవైన రోజు కూడా ఈ రూలు మూలంగా పక్కపక్కనే నడవాల్సి వచ్చింది, నోరు విప్పకుండా. ఇరుకు చోట్ల మాత్రం నెమ్మదిగా నడిచేవాడే ముందు. దూడలున్న ఆవుల మధ్యలోంచి వెళ్ళొద్దు, చుట్టూ తిరిగి పోండి. తీసిన గేటు వేయండి.

గోడ మొత్తం కనబడుతుందనుకుని వస్తే నిరాశే. పడమటి వైపు రాళ్ళన్నీ ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకీ, చర్చిలకీ పోయాయి. చోలర్‌ఫర్డ్ తర్వాత 1750ల్లో వేసిన సైనిక రోడ్డు చాలాచోట్ల గోడ పునాది మీదే ఉంది, ఆ రోజు వాహనాల చప్పుడు వింటూ నడవాలి. అసలు అందమంతా గ్రీన్‌హెడ్, చోలర్‌ఫర్డ్ మధ్యన. 2023 సెప్టెంబరులో నరికేసిన గోడ పక్కన ఒంటరిగా ఉండి పేరుపడిన సైకమోర్ చెట్టు చోటూ అక్కడే, మొదలు నుంచి మళ్ళీ చిగుళ్ళు వచ్చాయి. ఎవరికైనా కాలు పట్టేస్తే, వేసవిలో ఆ భాగంలో ఏడీ 122 అనే బస్సు తిరుగుతుంది, గోడ మొదలైన ఏడే దాని పేరు. ఒకరు బస్సెక్కి సాయంత్రం బసలో కలుసుకోవచ్చు, అందులో నామోషీ ఏం లేదు.

చివర వాల్స్‌ఎండ్‌లో కోట మ్యూజియం చూసి, పక్కనే మెట్రో స్టేషన్‌కి పోండి. అక్కడి బోర్డులు లాటిన్‌లో కూడా ఉంటాయి. మావాడు వాటికీ ఫోటోలు తీశాడు, రెండు రైళ్ళు పోయాయి, ఈసారి నేను బెంచీ మీదనుంచి లేవలేదు.