రాత్రి పాలసీసా మాన్పిస్తేనే పుచ్చు ఆగుతుంది

ఏడాదిన్నర పిల్లల పై పెదవి ఎత్తి చూడండి. ముందుపళ్ళ మీద, చిగురును ఆనుకుని సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార కనిపిస్తే అదే పుచ్చుకు మొదలు. కింది ముందుపళ్ళు శుభ్రంగానే ఉంటాయి, వాటిని నాలుక కప్పేస్తుంది కాబట్టి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, నోట్లో నిలిచిన పాలు పై పళ్ళనే పట్టుకుంటాయి.

ముందు పాలలో చక్కెర, పొడులు ఆపాలి. సీసాను ఒక్కసారిగా లాగేస్తే ఇల్లంతా జాగారమే. ఏడాది దాటిన పిల్లలకైతే 200 మి.లీ. సీసాలో రెండు రాత్రులు 50 మి.లీ. నీళ్ళు, తర్వాతి రెండు రాత్రులు 100, ఆపైన 150, చివరికి అన్నీ నీళ్ళే. కడుపు నిండే పాలు పడుకునే ముందే, గ్లాసుతో, బ్రష్ చేయకముందే పట్టాలి. తియ్యటి సిరప్ మందులూ అంతే.

బ్రష్ చేసేటప్పుడు పిల్లాడి తల మీ ఒళ్ళో పెట్టుకుని, వేలితో పెదవి ఎత్తి పట్టుకోండి. ఎదురుగా నిలబడితే చిగురు అంచు కనపడదు. మూడేళ్ళ లోపు పేస్టు బియ్యపు గింజంత చాలు. ట్యూబు మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉందో లేదో చదవండి; పిల్లల పేస్టులు కొన్నింట్లో అసలుండదు, బొమ్మ మాత్రం బాగుంటుంది! తర్వాత పుక్కిలించక్కర్లేదు, నురగ గుడ్డతో తుడిస్తే సరి. నల్గొండ లాంటి ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళలో మాత్రం పేస్టు సంగతి డాక్టర్ని అడిగాకే.

తెల్ల చార వెనక్కి తగ్గే అవకాశం ఉంది. గోధుమరంగు తిరిగి గుంట పడితే ఇంట్లో చేసేదేమీ లేదు, పళ్ళ డాక్టరు దగ్గరికే.