వెనిస్‌లో తిరగాలంటే: అడ్రసు, రేవు, పోటు

వెనిస్ వెళ్లేవాళ్ల తిప్పలు రైల్లోనే మొదలవుతాయి. మెస్త్రె స్టేషన్ బోర్డు మీద కూడా ముందు ‘వెనెట్సియా’ (వెనిస్‌కు ఇటాలియన్ పేరు) అనే ఉంటుంది. అది చూసి దిగేశారో, కాలువల్లేని మామూలు పట్టణంలో పడతారు. టికెట్ ‘వెనెట్సియా సాంటా లూచియా’ దాకా తీసుకోండి. మెస్త్రె దాటాక ఇంకో పది నిమిషాల ప్రయాణం, అదీ సముద్రపు కయ్య మీద కట్టిన పొడవాటి వంతెన మీదుగా. స్టేషన్ మెట్లు దిగితే ఎదురుగా ఊరి పెద్ద కాలువ, గ్రాండ్ కెనాలే. విమానంలో వస్తే దిగేది మార్కోపోలో విమానాశ్రయంలో. మన మోటుపల్లి రేవు గురించి, దాన్ని ఏలిన రాణి గురించి రాసిపెట్టిన ఆ మార్కోపోలోనే.

బస్సులు, కార్లు పియాజ్జాలె రోమా దగ్గర ఆగిపోతాయి. ఆ తర్వాత కాళ్లో, పడవో. ఊళ్లో 400కు పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నింటికీ మెట్లే. అందుకని హోటల్ బుక్ చేసేముందు అద్దె కంటే ముందు చూడాల్సింది ఒకటుంది: పడవ దిగే చోటు నుంచి గుమ్మం దాకా ఎన్ని వంతెనలు ఎక్కి దిగాలి? పెద్ద సూట్‌కేసుతో మూడో వంతెన దగ్గరికి వచ్చేసరికి చవక గది ఖరీదైపోతుంది.

ఇక అడ్రసు. ‘కాస్టెల్లో 3400’ అని మాత్రమే ఇస్తే అది వీధి పేరు కాదు, పేట పేరు. ఊరు ఆరు పేటలు; ఇళ్ల నంబర్లు వీధివారీగా కాకుండా పేట మొత్తానికీ ఒకే వరసలో నడుస్తాయి. కాస్టెల్లోలో 6,000 దాటేస్తాయి. ఆ వరస ఒక గొందిలోకి దూరి, చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి ఇంకో సందులో తేలుతుంది. దాంతో పక్కపక్క నంబర్ల మధ్య ఒక్కోసారి కాలువే అడ్డం ఉంటుంది. వీధి పేరొక్కటీ ఉన్నా లాభం లేదు. ‘కాల్లె దెల్ ఫోర్నో’ అనే పేరుతో ఊళ్లో చాలా సందులున్నాయి. కాబట్టి హోటల్‌వాళ్లను నాలుగు అడగండి: పేట, నంబరు, వీధి, దగ్గరలో పడవ ఆగే స్టాపు. ఇరుకు సందుల్లో ఫోన్‌లోని నీలం చుక్క పక్క వీధిలోకి గెంతుతుంది, దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. గోడల మీద ‘పెర్ రియాల్తో’ (రియాల్తో వంతెన వైపు), ‘పెర్ సాన్ మార్కో’ (సాన్ మార్కో చౌకు వైపు) అని పసుపు బోర్డులుంటాయి. పెద్ద దారికి చేరడానికి అవి చాలు. గోడ మీద ‘కోర్తె’ అని కనిపిస్తే అది చాలాసార్లు దారి మూసుకుపోయే వాకిలి; ‘రియో తెరా’ అంటే పూడ్చిన కాలువ, నడవడానికి కాస్త విశాలంగా ఉంటుంది.

గ్రాండ్ కెనాల్ పొడవు దాదాపు 3.8 కిలోమీటర్లు, దాని మీద వంతెనలు నాలుగే. మధ్యలో దాటాలంటే రేవు పడవ ఎక్కండి, దాన్ని ‘త్రాగెత్తో’ అంటారు. ఇద్దరు తెడ్డేసి రెండు మూడు నిమిషాల్లో అవతలి గట్టుకు చేరుస్తారు, బయటివాళ్లకు 2 యూరోలు. చిల్లర చేతిలో ఉంచుకోండి. రియాల్తో చేపల బజారు ఎదుటి సాంటా సోఫియా రేవు బాగా నడుస్తుంది. కొన్ని రేవులు మధ్యాహ్నానికే మూసేస్తారు. షికారు గొండోలాకైతే 2023 నవంబరు నుంచి పగలు 30 నిమిషాలకు 90 యూరోలు అధికారిక ధర. అది మనిషికి కాదు, పడవకు. ఎక్కకపోయినా, వంతెన మీద నిలబడి కింద ఖాళీ గొండోలాను చూడండి: అరటిపండులా ఓ పక్కకు వంగి ఉంటుంది. ఒక్కడే కుడివైపు తెడ్డేస్తే పడవ ఎడమకు తిరిగిపోతుంది. అది సరిపోవడానికి ఎడమ పక్కను 24 సెంటీమీటర్లు వెడల్పు చేస్తారు.

మోటారు పడవ ‘వాపొరెత్తో’కు 75 నిమిషాల టికెట్ 2024లో 9.50 యూరోలు. ఎక్కేముందు ప్రతిసారీ టికెట్‌ను మెషీన్‌కు తాకించాలి, లేకపోతే జరిమానా. ఒకే స్టాపుకు రెండు తేలే వేదికలుంటే దిక్కు చూసుకుని ఎక్కండి. స్టేషన్ నుంచి సాన్ మార్కోకు అన్ని స్టాపుల్లో ఆగే 1వ నంబరు పడవకు పట్టేంత టైములోనే, సామాను లేకపోతే, నడిచీ వెళ్లొచ్చు.

అక్టోబరు నుంచి జనవరి దాకా వెళ్లేవాళ్లు పోటు అంచనా చూసుకోవాలి. ‘110 సెంటీమీటర్లు’ అంటే వీధిలో ఛాతీలోతు నీళ్లని కాదు. 1897 నాటి సముద్రమట్టాన్ని సున్నాగా పెట్టుకున్న కొలత అది. సాన్ మార్కో చౌకు ఊళ్లోకెల్లా పల్లం కనక 80-85 దగ్గరే తడుస్తుంది. నీళ్లు గట్టు పొర్లి రావడానికి ముందే, చౌకులోని తూముల్లోంచి పైకి ఉబుకుతాయి. సముద్ర ముఖద్వారాల్లో 78 ఇనప తలుపుల మోసె అడ్డుకట్ట 2020 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. కానీ లేపిన ప్రతిసారీ ఓడల రాకపోకలు ఆగుతాయి, అందుకే దాదాపు 110 వస్తుందంటేనే లేపుతారు. అంతకు తక్కువ పోటుకు చౌకు ఇప్పటికీ మునుగుతుంది. కంగారక్కర్లేదు, కొన్ని గంటల్లో నీళ్లు తీసేస్తాయి. ఆలోగా రియాల్తో వైపు తిరిగి రండి.

చాలా చౌకుల్లో మధ్యలో చెక్కిన రాతి నూతి ఒర కనిపిస్తుంది. ఉప్పునీటి మధ్య బావి ఎలా అనుకుంటారేమో, అది భూగర్భజలం కాదు. కింద గొయ్యి తవ్వి, బంకమన్ను అద్ది, ఇసుక నింపి, మధ్యలో ఇటుక నుయ్యి కట్టారు. ఒర చుట్టూ నేల మీద చిల్లుల రాళ్లు వెతకండి. వాన నీళ్లు వాటిలోంచి దిగి, ఇసుకలో వడకట్టుకుని నూతిలోకి చేరేవి. 1884లో బయటి నుంచి గొట్టాల నీళ్లు వచ్చాక వీటికి మూతలు పడ్డాయి. తాగడానికి ఇప్పుడు ఊళ్లో చాలాచోట్ల పంపులున్నాయి, నీళ్లు బాగుంటాయి. సీసా వెంట ఉంచుకుంటే నీళ్లు కొనక్కర్లేదు.