పాయింట్ల లెక్కతో బరువు తగ్గడం – మొదటి పాఠం: ముందు లెక్క, తరువాతే కోత

బరువు తగ్గాలని నిశ్చయించుకున్నవారు మన ఇళ్లలో మొట్టమొదట చేసే పని అన్నం మానేయడం. ఆ వెంటనే నెయ్యి, పెరుగు, ఆవకాయ కూడా కంచంలోంచి తప్పుకుంటాయి. ఇంట్లో అందరూ పప్పన్నం తింటుండగా ఒక్కరే ఓట్స్, ఉడికించిన కూరగాయలు తింటూ ఎక్కువ కాలం నెట్టుకురావడం కష్టం. పండుగో పెళ్లో వచ్చేసరికి ఆ నియమం తెగిపోతుంది, దానితోపాటు ఉత్సాహమూ పోతుంది. ఈ పాఠాలు ఏ వంటకాన్నీ నిషేధించవు. రోజూ తినేదాన్నే కొలిచి, పాయింట్లుగా లెక్కగట్టి, ఆ లెక్కను బట్టి ఎక్కడ తగ్గించాలో మీ అంతట మీరే నిర్ణయించుకునే నేర్పును ఒక్కొక్క మెట్టుగా అందిస్తాయి.

ఈ ప్రయత్నం మీకు అవసరమో కాదో ముందుగా చూసుకోండి. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ 23 దాటితే భారతీయులకు అధిక బరువుగా పరిగణిస్తారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి అది సుమారు 59 కిలోలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, తిండి విషయంలో మానసికమైన ఇబ్బంది ఎదుర్కొన్నవారు ఈ పద్ధతిని సొంతంగా మొదలుపెట్టకూడదు. మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు తిండి తగ్గిస్తే మందు మోతాదు కూడా మార్చవలసి రావచ్చు. లేకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వారు వైద్యునితో మాట్లాడిన తరువాతే రెండో పాఠానికి వెళ్లాలి.

1963లో న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో జీన్ నిడెచ్ అనే గృహిణి వెయిట్ వాచర్స్ అనే సంస్థను ప్రారంభించారు. కేలరీలను నేరుగా లెక్కించే బదులు చిన్న అంకెలతో పని జరిగేలా, ఆ సంస్థ 1997లో పాయింట్ల పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆ తరువాత వారి లెక్క చాలాసార్లు మారింది. చక్కెర, మాంసకృత్తులు కూడా అందులోకి వచ్చాయి. మనం మాత్రం ఇంట్లో కాగితం, కలంతో చేసుకోగలిగిన మొదటి సూత్రాన్నే తీసుకుందాం. పదార్థంలోని కేలరీలను 50తో భాగించాలి. దానికి, కొవ్వు గ్రాములను 12తో భాగించగా వచ్చినదాన్ని కలపాలి. అందులోంచి, పీచు గ్రాములను 5తో భాగించి తీసివేయాలి. అయితే ఒక వడ్డనలో ఎంత పీచు ఉన్నా 4 గ్రాములకు మించి లెక్కలోకి తీసుకోకూడదు. కొవ్వుకు అదనపు భారం, పీచుకు రాయితీ ఇవ్వడమే ఈ సూత్రంలోని తెలివి. ఒకే కేలరీలున్న రెండు పదార్థాల్లో కడుపు నింపేదేదో అది చూపిస్తుంది.

ఉదాహరణకు 50 గ్రాముల రాగిపిండితో సంకటి చేశామనుకోండి. అందులో 160 కేలరీలు ఉంటాయి. 50తో భాగిస్తే మూడుకు కొంచెం ఎక్కువ. కొవ్వు చాలా స్వల్పం. పీచు 5 గ్రాములు దాటుతుంది కాబట్టి గరిష్ఠంగా 4 గ్రాముల రాయితీ తీసుకుంటే, మొత్తం రెండున్నర పాయింట్లు వస్తాయి. అదే 50 గ్రాముల తెల్ల బియ్యం వండితే 175 కేలరీలు. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు నామమాత్రం కనుక మూడున్నర పాయింట్లుగా రాసుకోవాలి. ఇలాంటి విలువల కోసం ఎక్కడెక్కడో వెతకనక్కరలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలలో మన ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలు, చేపలు అన్నింటికీ విలువలు ఉన్నాయి. అయితే అవి పచ్చి పదార్థాలకు ఇచ్చిన విలువలు. అందుకే వండిన తరువాత కాక, వండక ముందే తూచడం అలవాటు చేసుకోవాలి.

అన్నం విషయంలో ఈ అలవాటు ఎంతో మేలు చేస్తుంది. నీరు ఎక్కువ పోస్తే అన్నం బరువు పెరుగుతుంది గాని కేలరీలు పెరగవు. ఇంట్లో నలుగురికి 300 గ్రాముల బియ్యం పోశారంటే మొత్తం 1050 కేలరీలు, అంటే 21 పాయింట్లు. గిన్నెలోని అన్నంలో మీరు నాలుగోవంతు పెట్టుకుంటే ఐదుంబావు, మూడోవంతు పెట్టుకుంటే ఏడు. ఒక గిన్నెను మీ కొలతగా ఎంచుకుని, అందులో ఎంత అన్నం పడుతుందో ఒక్కసారి తూచి రాసిపెట్టుకోండి. తలకొట్టుగా నింపిన గిన్నెలో 150 గ్రాముల అన్నం పడితే అది నాలుగు పాయింట్లు. ఆ తరువాత రోజూ త్రాసు తీయవలసిన పని ఉండదు.

ఇక నూనె. మన వంటల్లో లెక్కకు అందకుండా జారిపోయేది ఇదే కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా చదవండి. 5 మిల్లీలీటర్ల చిన్న చెంచాడు నూనెకు గాని నెయ్యికి గాని ఒకటింబావు పాయింటు. నలుగురికి బీరకాయ కూర నాలుగు చెంచాల నూనెతో పోపు వేసి వండితే మనిషికి ఒక చెంచా పడుతుంది. అదే వంకాయ వేపుడుకు పావు కప్పు, అంటే పన్నెండు చెంచాలు పోస్తే మనిషికి మూడు చెంచాలు, మూడుముప్పావు పాయింట్లు. కూరగాయ మారినందువల్ల ఈ తేడా రాలేదు, మూకుడులో పోసిన నూనె వల్ల వచ్చింది. ఇంకో పరీక్ష కూడా చేయండి. నెలకు ఎన్ని లీటర్ల నూనె కొంటున్నారో సరుకుల చీటీలో చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు 4 లీటర్లు ఖర్చయితే ఒక్కొక్కరికి రోజుకు 33 మిల్లీలీటర్లు, అంటే ఎనిమిది పాయింట్లకు పైగా అవుతుంది. రెండు గిన్నెల అన్నంతో సమానమైన ఈ భాగం కంచంలో ఎక్కడా విడిగా కనబడదు. అందువల్ల నూనె డబ్బానుంచి నేరుగా మూకుట్లోకి వంచడం ఈరోజే మానేసి, చెంచాతో కొలిచి పోయండి. వంట చేసేది మరొకరైతే, ఈ లెక్కను వారితో కలిసి చేయడం మర్యాదే కాక అవసరం కూడా.

బీర, సొర, పొట్ల, దోస, బెండ, వంకాయ, టమాటా, ఆకుకూరలకు సున్నా పాయింట్లు. వాటిలో పడిన నూనెకే లెక్క. బంగాళదుంప, చేమ, కంద, అరటికాయ ఈ రాయితీలోకి రావు. పండ్లలో జామ, బొప్పాయి, బత్తాయి సున్నా అనుకోవచ్చు. మామిడి, అరటి, సపోటాలను లెక్కించాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే మామిడి పళ్ల కాలంలో మనం ఒక్క ముక్కతో ఆగము. మధ్యస్థమైన అరటిపండు ఒకటిన్నర. ఇడ్లీ ఒక్కొక్కటి ఒకటి, కోడిగుడ్డు రెండు, 30 గ్రాముల కందిపప్పుతో చేసిన పప్పు ఒకటిన్నర, 30 గ్రాముల వేరుసెనగ గుళ్లు నాలుగు. బడ్డీకొట్టు బజ్జీలకూ మిఠాయిలకూ కచ్చితమైన అంకె దొరకదు. అంచనాను కాస్త ఎక్కువగానే వేసుకుని ముందుకు సాగండి.

కాఫీ, టీలు కూడా పుస్తకంలోకి రావాలి. 100 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు, రెండు చెంచాల పంచదారతో చేసిన కాఫీ రెండుంబావు పాయింట్లు. చిక్కటి గేదెపాలతో అయితే మూడున్నర. రోజుకు మూడుసార్లు తాగేవారికి మొదటిది ఆరుముప్పావు, రెండోది పదిన్నర.

ఇప్పుడు ఈ వారం చేయవలసిన పని. ఏదీ తగ్గించకండి. మామూలుగా ఏం తింటారో అదే తింటూ, తిన్న వెంటనే ఒక చిన్న నోటుపుస్తకంలో వేళ, పదార్థం, కొలత, పాయింట్లు రాయండి. రాత్రికి రాసుకుందామనుకుంటే సాయంత్రం చేతిలో పోసుకున్న కారప్పూస తప్పకుండా మరపున పడుతుంది. మొదటి రోజు ఉదయం కాలకృత్యాల తరువాత, ఏమీ తినకముందు బరువు చూసుకోండి, బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత కూడా టేపుతో తీసుకోండి. మళ్లీ ఎనిమిదో రోజు ఉదయమే చూడాలి. ఉప్పు, నెలసరి, నిద్ర కారణంగా ఒంట్లో నీరు మారి, బరువు రోజురోజుకూ కిలో వరకు అటూ ఇటూ కావడం సహజం. రోజూ త్రాసెక్కితే అనవసరమైన దిగులే మిగులుతుంది.

ఎనిమిదో రోజున ఏడు రోజుల మొత్తాన్ని 7తో భాగించండి. వచ్చిన సగటు మీ ఇప్పటి తిండి. అందులోంచి ఐదారు పాయింట్లు తీసివేస్తే మీ మొదటి పరిమితి తేలుతుంది. ఎవరిదో అంకెను తెచ్చుకుని దానికి కట్టుబడటం కంటే ఇది ఎందుకు నిలుస్తుందంటే, ఇది మీ ఆకలి నుంచి, మీ వంటింటి నుంచి పుట్టిన అంకె. వారానికి అరకిలో వరకు తగ్గడం క్షేమకరమైన వేగం. వైద్యుల పర్యవేక్షణ లేకుండా రోజుకు 1200 కేలరీల కంటే దిగకూడదు గనుక, మన లెక్కలో పరిమితి 25 పాయింట్లకు దిగువన పెట్టుకోవద్దు. తగ్గించేటప్పుడు పప్పు, గుడ్డు, పెరుగు జోలికి వెళ్లకండి. నూనె, పంచదార, అలవాటుకొద్దీ మళ్లీ వడ్డించుకునే అన్నం, ఈ మూడింటిలోనే ఆ ఐదారు పాయింట్లను వెతకండి.

అభ్యాసం: నలుగురికి పులిహోర చేయడానికి 300 గ్రాముల బియ్యం, ఎనిమిది చెంచాల నూనె, 40 గ్రాముల వేరుసెనగ గుళ్లు వాడారు. చింతపండు, పోపు దినుసులను విడిచిపెట్టి, సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరి వాటా ఎన్ని పాయింట్లో కట్టండి. నూనెను ఐదు చెంచాలకు తగ్గిస్తే వాటా ఎంత మారుతుందో కూడా రాయండి. జవాబులు, వారం మధ్యలో వచ్చే పెళ్లిభోజనానికి పాయింట్లు దాచుకునే విధానం రెండో పాఠంలో.