ఫైబర్ బోటుకు మెరైన్ గమ్‌తో అంటించిన క్లీట్లు, స్టాండ్లు ఎలా ఊడదీయాలి?

వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది. కొత్తపట్నం నుంచి మైపాడు దాకా ఒడ్డున ఫైబర్ బోట్లకు మరమ్మతులు జరిగేది ఎక్కువగా ఈ రెండు నెలల్లోనే. రంగు వేయడం, మ్యాట్ (గాజునార పొర) అతకడం తెలిసిన పనులే. చిక్కల్లా పాత క్లీటో (తాడు కట్టే కొమ్ముల లోహపు దిమ్మ), లైటు స్టాండో, చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్ సెన్సారో మార్చాల్సి వచ్చినప్పుడు. నట్లన్నీ విప్పినా అది కదలదు. గడ్డపార పెట్టి ఎత్తారా, దాంతోపాటు అరచేయంత జెల్‌కోట్ (బోటు నున్నటి పైపొర) పెచ్చు, కింది మ్యాట్ కూడా లేచివస్తాయి. త్రీఎం కంపెనీ 5200 లాంటి పాలీయురెథేన్ గమ్ పట్టు ఆ పైపొర బలాన్ని మించి ఉంటుంది. అందుకని దాన్ని లాగకూడదు, కోయాలి.

ముందు గమ్ ఏదో చూడండి

అంచున పొంగిన గమ్‌ను బ్లేడుతో కాస్త కోసి చూడండి. గట్టి రబ్బరులా ఉండి, వేళ్లతో తెంపబోతే మొండికేస్తే పాలీయురెథేన్. జారుడుగా ఉండి లాగితే పట్టీలా ఊడివస్తే సిలికాన్, దానికి బ్లేడు చాలు. బ్లేడు దిగకుండా పెళుసుగా రాలితే ఎపాక్సీ. ఎపాక్సీకి కింద చెప్పే కోత తీగ పనికిరాదు. వేడిచేసి, పక్క నుంచి చిన్న దెబ్బలతో వదిలించాలి.

కావలసినవి: హీట్ గన్, కట్టర్ బ్లేడు, పల్చటి పుట్టీ బ్లేడు, బైకు క్లచ్ కేబుల్ నుంచి తీసిన ఉక్కు పోగులు రెండు మూడు, ఏటవాలుగా చెక్కిన చెక్క ముక్కలు, ప్లైవుడ్ ముక్క, మాస్కింగ్ టేపు, రబ్బరు గ్లోవ్స్, మాస్కు. హీట్ గన్ తీసే ముందు పెట్రోలు, కిరోసిన్ క్యాన్లు బోటులోంచి దించేసి దూరంగా పెట్టండి. అడుగున నీళ్లమీద తేలే పెట్రోలును కూడా తోడేయండి. ఆవిరి కంటికి కనబడదు, మంట మాత్రం దానికే అంటుకుంటుంది.

బోల్టులు ఒక్కటీ మిగలకూడదు

క్లీటు కింది వైపు చెయ్యి పెట్టి నట్లు, వాషర్లు వెతకండి. పాత మరమ్మతుల్లో నట్ల మీద మ్యాట్ వేసి మూసేయడం మామూలే. పైన స్క్రూ తలలు పుట్టీ కింద దాక్కుంటాయి. అయస్కాంతం అంటుకోలేదని స్క్రూ లేదనుకోకండి, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలును అది పట్టదు. పుట్టీ గీకి కంటితో చూడాల్సిందే.

ఉప్పుకు పట్టేసిన స్క్రూ తలపై వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ మొనను రెండు మూడు నిమిషాలు ఆనించండి. వేడి స్క్రూ వెంట దిగి, దాని చుట్టూ ఉన్న గమ్ మెత్తబడుతుంది. తల అరిగిపోయుంటే గ్రైండర్‌తో తలను కోసేసి, కాడను తర్వాత తీయొచ్చు.

కోత

క్లీటు చుట్టూ జెల్‌కోట్ మీద రెండు మూడు వరసలు టేపు వేయండి. కట్టర్ బ్లేడుతో గమ్ అంచును చుట్టూరా కోయండి. బ్లేడును లోహం వైపు వాల్చి పట్టుకోవాలి, ఫైబర్ వైపు వాలితే గీత పడిపోతుంది. ఈ కోత వేయకుండా ఎత్తితే జెల్‌కోట్ పెచ్చులు లేచేది సరిగ్గా ఆ అంచు దగ్గరే.

తర్వాత ఉక్కు పోగులు రెంటిని కలిపి పేనండి. పేనితే ఒంటి పోగు కంటే గరుకుగా ఉండి, గమ్‌ను రంపంలా కోస్తుంది. రెండు కొసలకూ కర్ర ముక్కలు కట్టి, ఒక మూల నుంచి క్లీటు కిందికి దూర్చి ముందుకీ వెనక్కీ లాగండి. తీగను లోహానికి ఆనించే నడపాలి. తంగూసు వాడొద్దు. రాపిడి వేడికి కరిగి పుటుక్కున తెగుతుంది. వేగంగా లాగితే ఉక్కు తీగ కూడా తెగుతుంది కాబట్టి నిదానంగా, పొడవాటి లాగుళ్లు లాగండి. కోసిన మేర గమ్ మళ్లీ అతుక్కోకుండా వెనకే పుట్టీ బ్లేడు గానీ చెక్క ముక్క గానీ దూర్చి ఉంచండి.

వేడి ఎంత?

తీగ ఆగిపోయిన చోట హీట్ గన్ పట్టండి. గాలిని లోహం మీదికే తిప్పాలి, ఫైబర్ మీదికి పోకూడదు. బోట్లకు వాడే మామూలు పాలియెస్టర్ రెజిన్ 60, 70 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలెడుతుంది. క్లీటు మీద చెయ్యి రెండు క్షణాలకు మించి ఆనించలేనంత వేడెక్కితే చాలు, గన్ పక్కకు తీసేయండి. రోహిణి కార్తె ఎండలో నిలిపిన బోటు ముందే కాగి ఉంటుంది, అప్పుడు హీట్ గన్ అసలు అక్కర్లేకపోవచ్చు. బ్లో ల్యాంపు మాత్రం ఎవరు చెప్పినా పట్టకండి. పాలీయురెథేన్ కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు విషం. ఫిష్ ఫైండర్ సెన్సార్ ప్లాస్టిక్ కాబట్టి దానికి వేడి వద్దు, తీగతోనే కోయాలి.

సగం పైన కోత పడ్డాక తిప్పి చూడండి. క్లీటు కొమ్ముల మధ్య పొడవాటి రాడ్డు పెట్టి ఒక వైపుకు నెట్టి, అలాగే పట్టుకుని ఆగండి. ఈ గమ్ దెబ్బకు లొంగదు గానీ, ఒకే తీరున చాలాసేపు బరువు పడితే మెల్లగా సాగి వదులుతుంది. ఎత్తాల్సివస్తే కింద ప్లైవుడ్ ముక్క పరిచి, ఎదురెదురుగా రెండు చెక్క ముక్కలు కొంచెం కొంచెంగా దిగ్గొట్టండి.

మిగిలిన గమ్, బోల్టు రంధ్రాలు

మిగిలిన గమ్‌ను వెచ్చగా ఉండగానే పుట్టీ బ్లేడుతో గీకేయండి. ఎండిన పాలీయురెథేన్‌ను అసిటోన్ కరిగించలేదు, జిడ్డును మాత్రం తుడుస్తుంది. గుడ్డతో తుడిచి వెంటనే ఆరనివ్వండి, తడిగుడ్డ పరిచి వదిలేస్తే జెల్‌కోట్ పాడవుతుంది. ఆక్రిలిక్ అద్దాలకు అసిటోన్ తగిలితే పగుళ్లు పాకుతాయి. చివర్లో 80 నంబరు సాండ్ పేపరు పట్టండి, ఫైబర్ దుమ్ము లేస్తుంది కనుక మాస్కు తప్పనిసరి.

పాత బోల్టు రంధ్రంలో తడి చెక్క కనబడితే ఎండబెట్టి, రంధ్రం పెద్దది చేసి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మళ్లీ డ్రిల్ చేయండి. ఎపాక్సీ మీద పాలియెస్టర్ జెల్‌కోట్ సరిగా పట్టదు కాబట్టి పైకి కనబడే చోట రంగే నయం. పెచ్చు లేచిన చోట పాలియెస్టరే వాడితే, కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను (త్వరగా గట్టిపడేలా చేసే మందు) రెజిన్‌లో బాగా కలిపాకే హార్డ్‌నర్ పోయాలి. ఆ రెంటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే మంట లేస్తుంది, పేలిపోవచ్చు కూడా.

మళ్లీ బిగించేటప్పుడు

బోల్టులున్న క్లీటుకు శాశ్వత గమ్ దండగ. బరువు మోసేది బోల్టులు, నట్ల దగ్గర కింద వేసే పలక. గమ్ పని నీరు దిగకుండా ఆపడమే. దానికి పాలీసల్ఫైడ్ గమ్ గానీ బ్యుటైల్ టేపు (జిగట రబ్బరు పట్టీ) గానీ చాలు, రేపు తీయడమూ తేలిక. ప్లాస్టిక్ సామాను కింద మాత్రం పాలీసల్ఫైడ్ వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లను అది తినేస్తుంది. 5200 తప్పదనుకుంటే అది పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది. జూన్ మొదటి వారం దాటకముందే అంటించేయండి.