లివింగ్ విల్ రాసేవారు తడబడేది సంతకాల దగ్గర కాదు, ఒక్క పేరా దగ్గర

లివింగ్ విల్‌కు, అంటే మన మాట మనం చెప్పుకోలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే కాగితానికి, మెజిస్ట్రేట్ సంతకం అక్కర్లేదు. ఈ మాట మొదటే చెప్పాల్సి వస్తోంది. పాత నమూనా చేతిలో పెట్టి, "మెజిస్ట్రేట్ గారి సంతకం మేం చేయిస్తాం" అంటూ పెద్దవాళ్ల దగ్గర డబ్బు గుంజే మధ్యవర్తులు ఇంకా ఉన్నారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆ షరతు ఉన్నమాట నిజమే. 2023 జనవరి 24న అదే కోర్టు దాన్ని తీసేసింది. ఇప్పుడు నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే సరిపోతుంది. స్టాంపు పేపరు మీదే రాయాలన్న షరతు కూడా తీర్పులో లేదు.

ఆస్తి వీలునామా వేరు, ఇది వేరు. అది మనం పోయాక పనిచేస్తుంది. ఇది మనం బతికుండి, కోలుకునే ఆశ లేని జబ్బుతో, మన మాట మనం చెప్పుకోలేని స్థితిలో ఉన్నప్పుడు పనిచేస్తుంది. "మా అబ్బాయికి జీపీఏ (మన తరఫున పనులు చేసే అధికారపత్రం) రాసిచ్చానుగా, వాడే చూసుకుంటాడు" అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ జీపీఏ చెల్లకుండా పోతుంది. అంటే సరిగ్గా అవసరం పడిన రోజునే అది చేతికి అందదు.

పద్దెనిమిదేళ్లు నిండి, మనసు స్థిమితంగా ఉన్నవాళ్లెవరైనా లివింగ్ విల్ రాయొచ్చు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాలి. సాక్షులు కుటుంబంతో సంబంధం లేనివాళ్లయితే మేలు. తర్వాత నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ. ఎవరి బలవంతమూ లేకుండా ఇష్టపూర్వకంగానే రాశారని సాక్షులూ, ధ్రువీకరించే అధికారీ కాగితంలో నమోదు చేయాలి. అందుకే కాగితాన్ని ఎవరి చేతో పంపి ముద్ర వేయించుకోకండి. సాక్షులను వెంటబెట్టుకుని మీరే వెళ్లండి.

అసలు చిక్కంతా లోపలి పేరాలో ఉంది. చాలా కాగితాల్లో "నన్ను అనవసరంగా బాధపెట్టవద్దు", "ప్రశాంతంగా వెళ్లనివ్వండి" అని మాత్రమే ఉంటుంది. రాసినవారి మనసు అందులో తెలుస్తుంది గానీ, ఐసీయూలో ఉన్న డాక్టరుకు ఏం చేయాలో తెలియదు. రాసింది స్పష్టంగా లేకపోతే మెడికల్ బోర్డు (దీన్ని పరిశీలించే డాక్టర్ల బృందం) దాన్ని అమలు చేయదు, అసలు లివింగ్ విల్ లేని రోగి విషయంలో ఎలా నడుచుకుంటారో అలాగే నడుచుకుంటుంది. కాబట్టి రెండు సంగతులు విడమర్చి రాయాలి: ఏ పరిస్థితిలో, ఏ చికిత్స వద్దు. ఉదాహరణకు ఇలా: "నాకు నయంకాని జబ్బు వచ్చి, కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చి, నా నిర్ణయం నేను చెప్పలేని స్థితిలో ఉంటే నన్ను వెంటిలేటర్‌పై పెట్టవద్దు, అప్పటికే పెట్టి ఉంటే తీసేయండి. గుండె ఆగితే సీపీఆర్ (ఛాతీ నొక్కి గుండెను మళ్లీ కొట్టించే ప్రయత్నం) చేయవద్దు. డయాలసిస్ వద్దు. నొప్పి తగ్గించే మందులు మాత్రం చివరిదాకా ఇవ్వండి." ముక్కు గొట్టం ద్వారా ఆహారం సంగతి కూడా ఏదో ఒకటి తేల్చి రాయండి. ఇంట్లోవాళ్లు ఎక్కువగా నలిగిపోయేది దాని దగ్గరే. సంతకానికి ముందు ఈ పేరాను మీకు తెలిసిన డాక్టరుకు ఒకసారి చూపించండి.

మీ తరఫున సమ్మతి చెప్పాల్సిన వాళ్ల పేర్లూ ఇందులోనే ఉండాలి. ఒక్కరితో ఆపకండి, ఆ ఒక్కరు ఆ సమయానికి ఊళ్లో లేకపోవచ్చు. పేరు రాసేముందు వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. గట్టిగా ప్రేమించే మనిషే ఆసుపత్రిలో "వెంటిలేటర్ తీయొద్దు" అని పట్టుబట్టొచ్చు. మీ మాట నిలబెట్టగలిగే మనిషి ఎవరో మీకే తెలుసు.

ఒక కాపీ ఆ పేర్లున్నవాళ్లకు, ఒకటి కుటుంబ డాక్టరుంటే ఆయనకు ఇవ్వాలి. ఇంకొకటి మీ మున్సిపాలిటీ లేదా పంచాయతీలో ఇవ్వాలి. అక్కడ దాన్ని భద్రపరిచే అధికారిని నియమించాల్సిన బాధ్యత ఆ సంస్థదే. "మాకు ఇలాంటివి తెలియవు" అని కౌంటర్లో వెనక్కి పంపితే నిరాశపడకండి. 2023 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రతి జతచేసి, కమిషనర్ లేదా పంచాయతీ కార్యదర్శి పేరున ఇన్‌వార్డ్‌లో ఇచ్చి, మీ కాపీపై ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. డిజిటల్ హెల్త్ రికార్డు ఉంటే అందులోనూ చేర్చొచ్చు.

ఇది రాస్తే ఆసుపత్రిలో పట్టించుకోరేమోనని భయపడేవాళ్లకు ఒక మాట. మీరు స్పృహలో ఉండి మాట్లాడగలిగినంత కాలం ఈ కాగితాన్ని ఎవరూ వాడలేరు. ఆ తర్వాత కూడా ఒక్క డాక్టరు మాటతో ఏదీ ఆగదు. చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం మరో ఇద్దరు నిపుణులు ఉన్న బోర్డు చూడాలి. దానిపైన రెండో బోర్డు ఒప్పుకోవాలి. నిర్ణయం అమలయ్యే ముందు ఆసుపత్రి మెజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. ప్రాణం తీసే ఇంజెక్షన్‌కు మన చట్టంలో చోటే లేదు.

మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, మార్చి రాసుకోవచ్చు. అయితే అది రాతపూర్వకంగానే జరగాలి. ఒకటికి మించి ఉంటే చివరగా సంతకం చేసినదే చెల్లుతుంది. కొత్తది రాసిన రోజునే పాత కాపీలు ఉన్న ప్రతిచోటా కొత్తది ఇచ్చి, పాతవి వెనక్కి తెచ్చుకోండి.