రోహిణి కార్తె రాకముందే రోటరీ ఇంజిన్ కారుకు నమ్మకమైన మేస్త్రి: తీసుకోవలసిన జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే నెలాఖరు మధ్యాహ్నం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కారును కింద రోడ్డు, పైన ఎండ, లోపల సొంత ఇంజిన్ వేడి మూడూ కలిసి కాలుస్తాయి. మామూలు ఇంజిన్‌కు ఆ వేడిలో హెడ్డు గ్యాస్కెట్ పోతే ఆటోనగర్‌లో బాగుచేసి ఇచ్చేవారు వీధికి పదిమంది ఉన్నారు. పిస్టన్ల బదులు మూడు మూలల రోటరు తిరిగే రోటరీ ఇంజిన్ ఒక్కసారి గట్టిగా వేడెక్కితే మాత్రం ఆ రోటరు తిరిగే గూడు, అంటే అల్యూమినియం హౌసింగు, వంకరపోయి, నీటిని ఆపే రబ్బరు సీళ్లు చెడిపోయి, కూలెంట్ నేరుగా మంట గదిలోకి దిగుతుంది. అప్పుడు ఇంజిన్ మొత్తం విప్పక తప్పదు, విప్పినవారికి దాని సంగతి తెలియకపోతే మళ్లీ బిగించినా నిలబడదు. అందువల్ల ఈ కారు ఉన్నవారు మాఘ ఫాల్గుణాల్లో, బండి ఇంకా బాగా నడుస్తున్నప్పుడే, మేస్త్రిని చూసిపెట్టుకోవాలి.

ఈ రోటరీ ఇంజిన్ కార్లు చేసిన మజ్దా సంస్థ మన దేశంలో కార్లు నేరుగా అమ్మలేదు. ఆటోనగర్‌లో పాతకాలపు మేస్త్రీలకు ఆ పేరు వింటే స్వరాజ్ మజ్దా వ్యాన్లే గుర్తుకొస్తాయి. ఎక్కడైనా ఒకటీ అరా కనిపించే ఆర్‌ఎక్స్-7, ఆర్‌ఎక్స్-8 కార్లు విదేశాల నుంచి వచ్చినవే. ఆర్‌ఎక్స్-8 తయారీ 2012లోనే ఆగిపోయింది కనుక మీ చేతిలో ఉన్నది ఎంత తక్కువ తిరిగినదైనా పదేళ్లు దాటిన బండే. దాని రబ్బరు గొట్టాలకు, రేడియేటరు పక్కల ఉండే ప్లాస్టిక్ ట్యాంకులకు వయసు మీదపడే ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు కూడా పాత రబ్బరుకు పరీక్షే కాబట్టి పెట్రోలు గొట్టాలను కూడా చూపించాలి.

మేస్త్రిని ఎంచుకునేటప్పుడు మొదటి పరీక్ష మాటల్లోనే తేలిపోతుంది. ఈ ఇంజిన్‌లో పిస్టన్లు లేవు, వాల్వులు లేవు, క్యామ్ షాఫ్టు లేదు, హెడ్డు గ్యాస్కెట్ అసలే లేదు. మూడు మూలల రోటరు ఒక గూడులో తిరుగుతూ ఉంటుంది, దాని ప్రతి మూలనా ఒక ఎపెక్స్ సీలు గోడకు ఆనుకుని గాలిని పట్టి ఉంచుతుంది. ఆర్‌ఎక్స్-8లో రోటర్లు రెండు, ఎపెక్స్ సీళ్లు ఆరు. ఇంజిన్ సరిగా లాగడం లేదని చెప్పగానే వాల్వులు ఫేసింగు చేయాలనీ, రింగులు మార్చాలనీ అనేవారికి బండి అప్పగించవద్దు. "నేను ఈ ఇంజిన్ విప్పలేదండీ, ముందు మాన్యువల్ చూడాలి" అనే మనిషి దొరికితే ఆయనను వదులుకోవద్దు. ఆ ఒక్క మాట చెప్పగలిగినవారిని నేను ఇన్నేళ్లలో వేళ్లమీద లెక్కపెట్టేంతమందినే చూశాను.

నూనె విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎపెక్స్ సీళ్లు గోడమీద జారడానికి ఇంజినే ఒక చిన్న పంపుతో కొద్దికొద్దిగా నూనెను మంట గదిలోకి పంపుతుంది. అంటే నూనె తగ్గడం ఈ బండిలో రోగం కాదు, అది దాని ధర్మం. ఈ సంగతి తెలియని ఒక షెడ్డులో నా కారుకు జరిగిన నష్టం ఇప్పటికీ మనసులో ఉంది. బండి నూనె తాగుతోందనీ, పొగ వస్తోందనీ, ఆ మేస్త్రి మంచి ఉద్దేశంతోనే నూనె గొట్టాలను కట్టేసి, చిన్న ఇనుప బిళ్లలు బిగించి పంపించాడు. నెలరోజులు పొగ లేదు, నేనూ సంతోషించాను. ఆ తరువాత వేడి మీద బండి స్టార్టు కావడం మానేసింది. విప్పి చూస్తే, అద్దంలా నున్నగా ఉండవలసిన హౌసింగు గోడమీద గోరు తగిలేంత లోతు గీతలు కనిపించాయి. అందువల్ల పని అప్పగించే కాగితం మీదే "నూనె పంపును, దాని గొట్టాలను నన్ను అడగకుండా ముట్టుకోరాదు" అని రాయించండి. మీ వంతుగా, రెండుసార్లు పెట్రోలు పోయించినప్పుడల్లా ఒకసారి నూనె మట్టం చూసుకోండి.

ఇక అసలైన పరీక్ష కంప్రెషన్, అంటే ఇంజిన్ లోపల గాలిని ఎంత ఒత్తిడితో నొక్కగలుగుతోందన్నది. ఇంజిన్ దింపాలని ఎవరు చెప్పినా, అంకెలు చూపించకుండా ఒప్పుకోవద్దు. మామూలు పిస్టన్ గేజి ఇక్కడ మోసం చేస్తుంది, ఎందుకంటే రోటరుకు మూడు ముఖాలు ఉంటే అది వాటిలో బాగున్న ఒక్కదాని ఒత్తిడిని మాత్రమే పట్టి నిలుపుకుంటుంది. మిగిలిన రెండు చచ్చిపోయి ఉన్నా సూది నిబ్బరంగా నిలబడుతుంది. మూడు ముఖాలనూ విడివిడిగా కొలిచే రోటరీ టెస్టరు కావాలి. ఇంజిన్ వేడిగా, బ్యాటరీ పూర్తి చార్జీతో, పెట్రోలు ఆపి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి కొలవాలి. ఆర్‌ఎక్స్-8కు తయారీదారు చెప్పిన లెక్క ప్రకారం, స్టార్టరు 250 ఆర్‌పీఎంతో (నిమిషానికి 250 చుట్లు) తిప్పినప్పుడు ప్రతి ముఖానికీ చదరపు సెంటీమీటరుకు కనీసం 6.9 కిలోల ఒత్తిడి ఉండాలి, కొత్తదానికి 8.5 ఉంటుంది. ఒకే రోటరు ముఖాల మధ్య తేడా 1.5కు, రెండు రోటర్ల మధ్య తేడా 1.0కు మించకూడదు. ఈ ఆరు అంకెలనూ, వాటి పక్కన ఆర్‌పీఎంనూ రాసి ఇచ్చిన మేస్త్రి మాటకు విలువ ఇవ్వవచ్చు.

టెస్టరు ఎక్కడా దొరకకపోతే, మామూలు గేజిలో గాలిని ఆపే చిన్న వాల్వును తీసేసి స్టార్టరు తిప్పమనండి. సూది ఎగిరెగిరి పడుతుంది. మూడుసార్లూ ఒకే ఎత్తుకు, ఒకే లయలో ఎగిరితే పరవాలేదు. ఎత్తుల్లో తేడా ఉంటే ఏదో ఒక సీలు పోయినట్టే. అంకె తెలియదు గానీ జబ్బు తెలుస్తుంది. దీనికి తోడు, ఆటోనగర్ నుంచి గన్నవరం దాకా హైవే మీద వెళ్లి, అక్కడ పది నిమిషాలు ఆపి, మళ్లీ స్టార్టు చేసి చూడండి. చల్లగా ఉన్నప్పుడు వెంటనే అందుకుని, వేడి మీద చాలాసేపు తిరిగితే గాని అందుకోని బండికి కంప్రెషన్ తగ్గుతోందని అర్థం.

పని మొత్తం ఒకేచోట చేయించాలనే పట్టుదల వద్దు. రేడియేటరు, ఫ్యాన్లు, ఏసీ, గొట్టాలు, వైరింగు, సస్పెన్షన్ పనుల్లో మన ఆటోనగర్ చేతులకు తిరుగులేదు, ఆ పనులు అక్కడే చేయించండి. ముందు బంపరు వెనక, చక్రాల దగ్గర ఉండే ఆయిల్ కూలర్ల రెక్కల్లో ఇరుక్కున్న దుమ్మునూ ఆకులనూ శుభ్రం చేయించండి. కూలెంటులో బోరు నీళ్లు కలపనివ్వకండి, మన ఉప్పు నీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ మీరే కొని పట్టుకెళ్లండి. ఇంజిన్ లోపలి పని మాత్రం రోటరీ విప్పి బిగించిన అనుభవం ఉన్నవారికే అప్పగించాలి. మోటారు రేసింగు వాతావరణం ఉన్న కోయంబత్తూరు, చెన్నై వైపు వాకబు చేయండి. బ్రోకర్ల మాట కన్నా, అక్కడ పని చేయించుకున్న యజమానుల మాట వినండి, వాళ్ల బండి పని అయ్యాక ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిందో అడగండి.

ప్లగ్గులు, కాయిల్సు చిన్న వస్తువులనిపించినా నిర్లక్ష్యం వద్దు. ఒక్కో రోటరుకు రెండు ప్లగ్గులు, అవి రెండూ ఒకే రకం కావు, తారుమారు కాకూడదు. కాయిల్ బలహీనపడితే మండని పెట్రోలు సైలెన్సరు వైపు ఉన్న క్యాటలిటిక్ కన్వర్టరులో మండి దాన్ని ఎర్రగా కాలుస్తుంది, అది మూసుకుపోయి ఆ వేడి తిరిగి ఇంజిన్ మీదికే వస్తుంది.

బండి వదిలే రోజున కిలోమీటర్ల అంకెను, ఇంజిన్ గదిని ఫొటో తీసుకోండి. మార్చిన ప్రతి పాత భాగాన్నీ తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. ఇంజిన్ విప్పితే రబ్బరు సీళ్లన్నీ కొత్తవే పడాలి, పాతవి తుడిచి వేయకూడదు.

డ్యాష్‌బోర్డులోని ఉష్ణోగ్రత ముల్లును నమ్మవద్దు. ఆర్‌ఎక్స్-8లో అది చాలాసేపు మధ్యలోనే నిలబడి ఉంటుంది, కదిలేసరికే ఆలస్యమైపోతుంది. కారు కంప్యూటరులోని అంకెలను ఫోనుకు పంపే ఓబీడీ అడాప్టరు ఒకటి పెట్టుకుని ఫోనులో డిగ్రీలు చూస్తూ ఉండండి. 100 దాటితే ఏసీ ఆపండి, 105కు చేరితే కాజ టోల్ గేటు వరుసలో ఉన్నా సరే, పక్కకు తీసి ఇంజిన్ ఆపండి, చల్లారేదాకా కూలెంటు మూత ముట్టుకోకండి.

పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గు పెట్టడానికి అడ్డంగా ఉందని కారును నాలుగు అడుగులు కదిపి వెంటనే ఆపేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఈ బండికి అది పనికిరాదు. చల్లటి ఇంజిన్ అలా ఆగితే లోపల పెట్రోలు నిండి మళ్లీ అందుకోదు, కనుక వేడెక్కేదాకా నడవనివ్వండి, లేదా న్యూట్రల్‌లో పెట్టి తోయండి. అయినా అందుకోకపోతే యాక్సిలరేటరు పూర్తిగా నేలకు తొక్కిపట్టి స్టార్టరు తిప్పండి, అప్పుడు పెట్రోలు ఆగి లోపల తడి ఆరుతుంది. అప్పటికీ వినకపోతే స్టార్టరు కాలిపోయేదాకా తిప్పకుండా, కారు వెనక చక్రాలు రోడ్డుకు తగలకుండా మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీని పిలిచి, మీరు ముందే చూసిపెట్టుకున్న మేస్త్రి దగ్గరికి పంపించండి.