టర్మ్‌బేస్‌లో పదం ఉన్నా దొరకడం లేదా? రికార్డుల సమస్యలు - పరిష్కారాలు

కింది మార్పుల్లో దేనికి దిగినా ముందు టర్మ్‌బేస్ (అనువాదంలో వాడే పదాల డేటాబేస్) మొత్తాన్ని టీబీఎక్స్‌గానో (టర్మ్‌బేస్‌ల మార్పిడికి వాడే ఫైలు రూపం) ఎక్స్‌ఎమ్ఎల్‌గానో ఎక్స్‌పోర్ట్ చేసి, తేదీతో పేరు పెట్టి దాచుకోండి. ఎక్సెల్ కాపీ ఒక్కటే సరిపోదు. ఎంట్రీ (ఒక భావనకు చెందిన రికార్డు), భాష, పదం అనే మూడు అంతస్తులూ అందులో ఒకే వరుసలోకి చదునైపోతాయి.

పదం కళ్లెదుటే ఉంది, వెతికితే రాదు

తెలుగు రికార్డుల్లో అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. సాఫ్ట్‌వేర్‌ని అనుమానించే ముందు అక్షరాలు లెక్కపెట్టండి. ‘సర్వర్’ అనే గడికి ఎక్సెల్‌లో లెన్ ఫంక్షన్ పెడితే 6 రావాలి. 7 వచ్చిందంటే చివర కనిపించని అక్షరం ఒకటి ఉన్నట్టే. ఎవరో ‘సర్వర్‌లో’ అనే మాటను కాపీ చేసి ‘లో’ చెరిపేశారు. దాని ముందున్న జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరం వత్తుగా కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) అలాగే ఉండిపోయింది. అదనపు ఖాళీలు తీసే ట్రిమ్ ఫంక్షన్ దాన్ని ముట్టుకోదు. చివరి అక్షరం కోడ్ 8204 అయిన గడులను వడగట్టి, వాటిలో ఆ ఒక్క అక్షరాన్నే తీసేయండి. ఫైలంతటా రీప్లేస్ చేస్తే ‘సాఫ్ట్‌వేర్’ లాంటి వాటి మధ్యలో ఉండాల్సిన నాన్ జాయినర్ కూడా పోయి, ట కింద వ వత్తు పడుతుంది.

లెక్క తేడా రావడానికి ఇంకో కారణం ఐత్వం. దాన్ని ఒకే కోడ్‌గా రాయవచ్చు, ఎత్వమూ కింది గుర్తూ విడివిడిగా రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు. ‘సైట్’ ఒక పద్ధతిలో 4, ఇంకో పద్ధతిలో 5. కంటికి తేడా తెలియదు. ఇంపోర్ట్‌కు ముందు పాఠమంతా ఎన్ఎఫ్‌సీ (విడి కోడ్‌లను ఒకటిగా కలిపే యూనికోడ్ ప్రామాణిక) రూపంలోకి మార్చుకుంటే ఈ బాధ ఉండదు.

అనువాదం సరిగ్గానే ఉన్నా క్యూఏ (నాణ్యత తనిఖీ) తప్పు చూపిస్తోంది

రికార్డులో ‘రుణం’ ఉంది, వాక్యంలో ‘రుణానికి’, ‘రుణాలు’ ఉన్నాయి. విభక్తి చేరగానే సున్న పోయి దీర్ఘం వచ్చింది కాబట్టి పూర్తి పదం కోసం వెతికే సాధనానికి అది దొరకదు. మెమోక్యూ అనే అనువాద సాఫ్ట్‌వేర్‌లో ఆ పదానికి కస్టమ్ మ్యాచింగ్ ఎంచుకుని, మారని భాగం తర్వాత నిలువు గీత పెట్టండి: రుణ|ం. గీత తర్వాత సున్న చుక్కల వలయంతో కనిపిస్తే కంగారు పడకండి.

‘కన్ను’ లాంటి వాటికి ఈ చిట్కా పనిచేయదు. ‘కంటికి’, ‘కళ్లు’ అన్నప్పుడు మొదలే మారిపోతుంది. ‘కంటి’, ‘కళ్ల’ రూపాలను అదే ఎంట్రీలో విడి పదాలుగా చేర్చి, తనిఖీ కోసమేనని నోట్ రాయండి. కొత్త ఎంట్రీలు తెరవొద్దు.

ఇంపోర్ట్ చేశాక ఎంట్రీలు రెట్టింపయ్యాయి

ఎంట్రీ నంబరు లేని షీట్‌ను ఎక్కిస్తే ప్రతి వరుసా కొత్త ఎంట్రీ అవుతుంది. అలాగని ఇంగ్లిష్ పదాన్ని ఆధారం చేసుకుని కలిపేస్తే అంతకన్నా పెద్ద చిక్కు. ‘సెల్’ కింద జీవశాస్త్రంలోని కణమూ, స్ప్రెడ్‌షీట్‌లోని గడీ ఒకే ఎంట్రీలో పర్యాయపదాలుగా కూర్చుంటాయి. వాటిని తిరిగి విడదీయడం చేత్తో చేయాల్సిన పనే. ఒక భావనకు ఒకే ఎంట్రీ అన్న నియమాన్ని ఎక్కడా సడలించకండి. బ్యాకప్‌ను పునరుద్ధరించి, నంబరు కాలమ్‌తో సహా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ షీట్‌లో దిద్ది, నంబరు ఆధారంగా మళ్లీ ఎక్కించండి. ప్రతి ఎంట్రీకి రంగం, ఒక వాక్యం నిర్వచనం తప్పనిసరి ఫీల్డులుగా పెడితే, తర్వాత వచ్చేవాళ్లు రెండు ‘సెల్’లను చూసి డూప్లికేట్ అనుకోరు.

తీసేసిన పదం మళ్లీ వస్తోంది

తీసేయడమే కారణం. ఆ పదాన్ని ఎందుకు వద్దన్నారో చెప్పే జాడ పోయింది కాబట్టి ఎవరో మంచి మనసుతోనే మళ్లీ చేరుస్తారు, లేదా పాత షీట్ నుంచి వచ్చేస్తుంది. తొలగించకుండా ‘వాడకూడదు’ అని స్థితి మార్చండి, కారణమూ తేదీ రాయండి. స్థితి ఫీల్డు పదం స్థాయిలో ఉండాలి. ఎంట్రీ స్థాయిలో పెడితే వాడాల్సిన పదం మీదా అదే ముద్ర పడుతుంది.

తెలుగు బదులు పిచ్చి గుర్తులు

సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచి ఉంటారు. డేటా ట్యాబ్ నుంచి టెక్స్ట్ దిగుమతి ఎంచుకుని, ఫైల్ ఆరిజిన్‌ను 65001 యూటీఎఫ్-8 చేయండి, తెలుగు వచ్చేస్తుంది. అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడే అక్షరాలు పోయాయి. ఆ ఫైలుతో కుస్తీ పట్టకుండా మూలానికి వెళ్లండి.

విడిగా వెతికితే వస్తుంది, అనువాద ఎడిటర్‌లో రాదు

ముందు ప్రాజెక్టులో భాషల జత చూడండి. ప్రాజెక్టు ఇంగ్లిష్‌ను టర్మ్‌బేస్‌లోని సరైన ఇంగ్లిష్ ఇండెక్స్‌కు (ఆ భాష పదాలను వెతికే జాబితాకు) జత చేయకపోతే గుర్తింపు జరగదు. జత సరిగ్గా ఉండీ రాకపోతే ఇండెక్స్ పాతబడింది. ఫైలు రూపంలోని మల్టీటర్మ్ (ట్రాడోస్‌తో వాడే పదాల సాఫ్ట్‌వేర్) టర్మ్‌బేస్ అయితే రీఆర్గనైజ్ నడపండి. ఆ సమయంలో ఇంకెవరూ దాన్ని తెరిచి ఉంచకూడదు.